గాబరాకు శేరు కొలత

సోషల్ మేడం పోయిందని మొన్న మా పాత స్కూల్లో హిందీ చెప్పే సార్ ఫోన్ చేసి చెప్పాడు. రాయచోటిలో, కూతురింట్లో, నిద్రలోనే పోయిందట. "శానా మంచి మనిషి సార్," అన్నాడు. అవునన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ మాట సరిపోలేదనిపించింది. మంచి మనిషి అని ఎవరినైనా అనవచ్చు. ఆమె గురించి చెప్పాలంటే ఆ మాట చాలదు.

నాకు మొదట గుర్తొచ్చింది ఆమె కుడి అరచెయ్యి. ఏ మాట ముగించినా ఆ చెయ్యి బల్ల మీద అడ్డంగా ఒకసారి జరిగేది. స్టాఫ్ రూంలో కొత్తగా చేరినవాళ్ళు దుమ్ము తుడుస్తోందనుకునేవాళ్ళు. దుమ్ము కాదు. వాళ్ళ నాయన రాయచోటి దగ్గర ఒక పల్లెలో రైతుల కళ్ళాల్లో గింజలు కొలిచే కూలి. శేరు నిండా గింజలు ముంచి, అంచు దాటి పైకి లేచినవాటిని అరచేత్తో సమంగా తోసేసి, అప్పుడు సంచిలో పోసేవాడు. వారమంతా కళ్ళంలో ఆ చెయ్యి, ఆదివారం చర్చిలో పాటకు తాళం వేసే చెయ్యి ఒకటేనని ఆమె చెప్పేది. పక్కన కూర్చుని చూసి చూసి ఆమెకూ అది అలవాటయింది.

కోడుమూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో మేమిద్దరం కలిసి పనిచేశాం. ఆమె సోషల్, నేను లెక్కలు. నా చదువు ఇంటర్మీడియట్ దగ్గరే ఆగింది. వేరుశనగ బుడ్డల మిల్లులో కాటా దగ్గర పనిచేస్తూ, పాత పుస్తకాలు ముందేసుకుని లెక్కలు నేర్చుకున్నాను. ఆమెకు కూడికలు కూడా సరిగా వచ్చేవి కావు. మార్కుల జాబితా పట్టుకుని నా దగ్గరికి వచ్చేది. "మొత్తం వేసిపెట్టు సార్. నేనేస్తే ఒకసారికీ ఒకసారికీ పొంతన ఉండదు," అనేది. నా పెన్ను తీసుకుని రాసి, ఆ పెన్నుతోనే వెళ్ళిపోయేది. అడిగితే తన బ్యాగులోంచి ఇంకెవరిదో పెన్ను తీసి ఇచ్చేది.

మా రెండు గదుల మధ్య గోడ పైకప్పు దాకా కట్టలేదు. నా గదిలో పిల్లలు లెక్క చేస్తూ మౌనంగా ఉంటే, ఆమె గదిలో మాటలన్నీ నాకు వినిపించేవి. ఆమెను నేను ఎక్కువగా తెలుసుకున్నది ఆ గోడ మీదుగానే.

కరోనా సెలవుల తర్వాత బళ్ళు తెరిచిన రోజులవి. పదో తరగతి పిల్లల చేతికి చాలా కాలం తర్వాత పరీక్ష కాగితం వచ్చింది. స్లిప్ టెస్ట్ అనగానే ఒకరికి కడుపునొప్పి, ఒకరికి తలనొప్పి, ఒకరికి వాంతి. హెడ్మాస్టరు అదంతా నాటకమన్నాడు. మేడం ఆయనతో వాదించలేదు. తరగతికి వెళ్ళి బల్ల మీద చెయ్యి జరిపి, "ఇంగ మీదట ఈ గదిలో కడుపునొప్పి అంటే ఇంటికి పంపిస్తా. గాబరా అంటే నా పక్కన కూచోబెట్టుకుంటా. ఏది నిజమో అదే చెప్పండబ్బీ," అంది. ఆ తర్వాత కడుపునొప్పులు చాలా తగ్గాయి. గాబరాలు అదే లెక్కన పెరిగాయి.

భయపడొద్దు అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఒకసారి నేనే ఒక పిల్లవాడితో ఆ మాట అంటుంటే ఆపేసింది. "భయపడొద్దంటే పోయేటిదైతే, నేను ఆటోకు మైకు కట్టుకొని జిల్లా అంతా తిరిగి చెప్పనా సార్?"

ఆమెకే బోలెడు భయాలు. కుక్క కనబడితే కాలు కదిలేది కాదు. స్కూలు నుంచి బస్టాండుకు వెళ్ళే సందులో కుక్కలుండేవి. ఆ సందు మొదట్లో నిలబడి, పిల్లలందరి ముందే, "సార్, నాకు గాబరాగా ఉండాది. ఆ పక్క నడువు," అనేది. సిగ్గుపడేది కాదు. ఒకనాడు వెనక నుంచి పదో తరగతి పిల్లవాడు కుక్కలా మొరిగాడు. అందరూ నవ్వారు. ఆమె ఉలిక్కిపడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, వెనక్కి తిరిగింది.

"ఎవురబ్బీ అది? శానా బాగా మొరిగినావు. ఆ కుక్కలకు గూడా నువ్వంటే లెక్కుంటాది. రేపట్నుంచి నన్ను బస్టాండు కాడ దింపేది నువ్వే."

"నేను ఊరికే అంటి మేడం..."

"నేను ఊరికే అంటల్యా."

ఆ పిల్లవాడు చదువు పూర్తయ్యేదాకా రోజూ ఆమె పుస్తకాల సంచీ పట్టుకుని ముందు నడిచాడు. స్నేహితులు ఎంత ఎగతాళి చేసినా మానలేదు.

ఇక ఆమె కొలత సంగతి. టెస్టుకు ముందు హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ అడిగేది: "ఎంతుండాది?" జవాబు నాలుగు రకాలు. పావు, అర, ముక్కాలు, నిండా. లేదు అనడానికి వీల్లేదు. లేదన్నవాడినే లేపి మొదటి ప్రశ్న అడిగేది. పావు, అర అన్నవాళ్ళు మామూలుగా రాయాలి. ముక్కాలు అన్నవాళ్ళు తలుపు పక్క బెంచీలోకి మారవచ్చు, కావాలంటే లేచి వెళ్ళవచ్చని తెలిస్తే చాలామంది లేవరు. నిండా అన్నవాళ్ళు నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి మొహం కడుక్కుని వచ్చి, ముందు మ్యాపులో ఒక ఊరు గుర్తుపెట్టాలి. ఏ ఊరైనా సరే. చాలామంది కోడుమూరే పెట్టేవాళ్ళు.

మగపిల్లలు దీన్ని ఆటగా తీసుకున్నారు.

"మేడం, నాది ముక్కాలు. మావోనిది గూడా నా దాంట్లోనే కలుపుకోండి."

"నీ గాబరా నువ్వు మొయ్యి నాయనా, వానిది వాడు మోస్తాడు."

నాకు ఆ పద్ధతి నచ్చలేదు. కాటా దగ్గర పనిచేసినవాణ్ణి, ప్రమాణం లేని కొలత నాకు మింగుడు పడదు. స్టాఫ్ రూంలో అడిగాను. "ఎంతలో పావు మేడం? మొత్తం ఎంతో తెలియకుండా పావు ఎట్లా వస్తుంది?"

"ఎవరి శేరు వాళ్ళది సార్," అంది. "పక్కోని శేరుతో నాకేం పని? నిన్న అర అన్న పిల్లోడు ఈ పొద్దు ముక్కాలు అంటే, ఏదో అయిందని నాకు తెలుస్తాది. అంతే."

తన శేరుతో తననే కొలుచుకోవడం లెక్క ప్రకారం తప్పు కాదు. అప్పటికి ఊరుకున్నాను.

ఆ తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. దగ్గరి పల్లె నుంచి వచ్చేది. వాళ్ళ నాయన ఉల్లి, మా మాటలో ఎర్రగడ్డలు, వేసే చిన్న రైతు. బాగా చదువుతుంది, ముత్యాల్లాంటి రాత. గోడ మీదుగా నాకు ఆ పిల్ల గొంతు ఎప్పుడూ ఒకేలా వినిపించేది: "పావు మేడం." కష్టమైన టెస్టయినా, తేలికదైనా అంతే. అందరూ ఆమెను ధైర్యం గల పిల్ల అనేవాళ్ళు.

ప్రీ ఫైనల్ లెక్కల పరీక్ష రోజు ఆ గదిలో నేనే ఉన్నాను. పేపరు ఇచ్చి బెంచీల మధ్య నడుస్తుంటే పెన్ను కిందపడిన చప్పుడయింది. ఆ అమ్మాయి దాన్ని తీసుకోలేదు. పరుగెత్తి వచ్చినట్టు ఊపిరి పీలుస్తోంది. రెండు చేతుల వేళ్ళూ లోపలికి ముడుచుకుపోయాయి. "ఊపిరాడల్యా సార్... ఊపిరాడల్యా..." అంటోంది. పిల్లలు లేచి చుట్టూ చేరారు. నేను గోడ మీదుగా మేడంను కేక వేశాను.

ఆమె వచ్చి ముందు పిల్లల్ని కూర్చోబెట్టింది. "మీ పేపర్లు మీరు చూసుకోండబ్బీ. ఈడేం సినిమా ఆడతల్యా." తర్వాత ఆ అమ్మాయిని నేల మీదికి దించి, పక్కనే తానూ కూర్చుంది. "నేనీడే ఉంటా. నువ్వేం చెప్పల్సిన పనిల్యా," అంది. అంతకుమించి మాట్లాడలేదు. కాసేపటికి వేళ్ళు విడివడ్డాయి. ఊపిరి సర్దుకుంది. జవాబు కాగితం మీద పేరు తప్ప ఏమీ లేదు.

సాయంత్రం స్టాఫ్ రూంలో మేడం నా ఎదుటికి కుర్చీ లాక్కుని కూర్చుంది. "పొద్దున గూడా పావే అనింది సార్. నువ్వు గూడా వింటివి కదా."

విన్నాను. నాకు తోచింది చెప్పాను. "మిల్లులో కాటా ముల్లు అప్పుడప్పుడూ ఇరుక్కునేది మేడం. మీద ఏం పెట్టినా ఒకే అంకె చూపించేది. అంకె మారడం లేదంటే సరుకు ఒకే తూకం ఉందని కాదు."

ఆమె నా వైపు చూసింది. "పెరిగినోళ్ళని చూస్తాంటి, తగ్గినోళ్ళని చూస్తాంటి. కదలని పిల్లను చూడల్యా," అంది.

మరునాడు ఆ అమ్మాయి బడికి రాలేదు. మధ్యాహ్నం వాళ్ళ నాయన మోటారు సైకిల్ మీద కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. తరగతికి పంపడానికి కాదు. హెడ్మాస్టరు లేడు. వరండాలో బెంచీ మీద ఆయన, ఆ పక్క కూతురు. ఎదురుగా కుర్చీలో మేడం. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"పాపకు గాలి తగిలినట్టుండాది మేడం. నిన్న సాయంత్రమే దర్గా కాడికి తీస్కపోయి ఊదిస్తిమి."

"మంచి పని చేస్తిరి. రాత్రి నిద్రపోయిందా?"

"బాగా నిద్రపోయింది."

"సంతోషం. మరి పొద్దున బడికి యాల రాల్యా?"

ఆయన తువ్వాలు చేతిలో నలిపాడు. "బడి చాలులే మేడం. పబ్లిక్ పరీక్షలో, తెలీని స్కూల్లో, అందరి ముందరా అట్ల పడిపోతే? ఆడపిల్ల. ఊర్లో వేరే మాటలు పుట్టిస్తారు. హాల్ టికెట్టు వచ్చినా పంపీను. ఎర్రగడ్డలు పెరికే కాలం వస్తాండాది, వాళ్ళమ్మకు తోడుంటాది."

ఆయన కోపంగా అనలేదు. పిల్లను కాపాడుకుంటున్నాననే అనుకుంటున్నాడు. కానీ మా వైపు పదో తరగతి మధ్యలో పొలానికి వెళ్ళిన అమ్మాయి మళ్ళీ పుస్తకం పట్టడం నేను చూసింది తక్కువ. ఆ వరండాలో తేలాల్సింది అదే: ఆ పిల్ల పరీక్షకు వెళుతుందా, చేనుకు వెళుతుందా.

మేడం అమ్మాయి వైపు తిరిగింది.

"ఏమ్మే, నిన్న పొద్దున నేనడిగితే పావు అంటివి. నిజంగా ఎంతుండె?"

అమ్మాయి తల వంచుకుంది.

"తిట్టను. చెప్పు."

"పావు గాదు మేడం."

"అరా?"

తల అడ్డంగా ఊపింది.

"ముక్కాలా? నిండానా?"

అప్పటికి తలెత్తింది. "మీరు నిండా కాడ ఆపేస్తిరి మేడం. నాది నిండి కింద పోతాంటాది. దినామూ అంతే. దానికేం చెప్పాలో తెలీల్యా. నిండా అంటే అబద్ధం అయితాది. ఇంకా ఎక్కువ అంటే అందరూ నవ్వుతారు. అందుకే పావు అంటాంటి."

మేడం చెయ్యి కుర్చీ చేతి మీద సగం దాకా జరిగి ఆగిపోయింది. "నేను గదా తప్పు చేసిండేది," అంది. "శేరు నిండితే కొలత ఆగిపోతాదా? మా నాయన చూసింటే నా నెత్తిన మొట్టేటోడు. నిండితే పోసేయాల. మళ్ళా ముంచాల. రా, ఈడ కూచో. నీది ఎంతుందో కొలుద్దాం."

ఎడమ చేతిని గిన్నెలా వంచింది. "ఇది శేరు. గాలి పీల్చి నింపు." పీల్చింది. కుడి అరచేతిని దాని మీదుగా నెమ్మదిగా అడ్డంగా జరిపింది. "సమం చెయ్యి. తొందర పడగాకు." ఎడమ చేతిని బోర్లించింది. "ఇప్పుడు పొయ్యి. గాలంతా పోనీ." ఊపిరి వదిలింది. "లాభం."

కళ్ళంలో మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. అమ్మాయి కూడా చెయ్యి వంచి, పీల్చి, సమం చేసి, పోసింది. "లాభం," అంది చిన్నగా. మళ్ళీ నింపింది. "రెండు." మూడు, నాలుగు. ఇద్దరి చేతులూ ఒక్కసారే వంగి ఒక్కసారే బోర్లపడుతున్నాయి. ఐదు. ఆరు. తర్వాతిది అమ్మాయి నింపి, సమం చేసి, పోసి, ఏమనాలో తెలియక ఆగింది. బెంచీ చివర నుంచి వాళ్ళ నాయన గొంతు వచ్చింది.

"ఆరున్నొకటి."

అనేశాక ఆయనే కంగారు పడ్డాడు. గింజలు కొలిచేవాడు ఏడు అనడు. ఇంటికి వచ్చే గింజల ముందు ఏడవమని చెప్పినట్టుంటుందని ఆరున్నొకటి అంటాడు. ఆయన నోరు అలవాటు కొద్దీ లెక్క అందుకుంది.

మేడం నవ్వింది. "ఏమప్పా, నువ్వు గూడా కొలుస్తాండావా?"

"రైతును గదా మేడం. లెక్క ఆగితే నోరు ఊరుకోదు."

"అది గింజలకు. ఈడ గింజలు ల్యావు. ఈడ ఏడు అనొచ్చు." అమ్మాయి వైపు తిరిగింది. "అనమ్మే."

అమ్మాయి "ఏడు" అంది. అన్నదే తడవు ఏడ్చింది. చప్పుడు లేకుండా కాదు, బాగా గట్టిగా, వరండా అంతా వినబడేలా. ఏడో తరగతి పిల్లలు కిటికీలోంచి తొంగి చూశారు. వాళ్ళ నాయన లేవబోయాడు. మేడం చేత్తోనే ఆపింది.

"ఏడవనీప్పా. చెప్పిన మాటే గదా చేస్తాండాది."

ఆ ఏడుపు తానుగా తగ్గేదాకా ఆ చెయ్యి దించలేదు. తర్వాత అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుని, ఎవరూ చెప్పకుండానే మళ్ళీ ఎడమ చెయ్యి వంచింది. ఎనిమిది. తొమ్మిది. పదకొండు దగ్గర ఆపి, "చాలు మేడం. అయిపోయింది," అంది.

వాళ్ళ నాయన కూతురి వైపు, ఆమె వంచిన చేతి వైపు చూశాడు. "పదకొండు శేర్లు," అన్నాడు. "ఇంత మోసుకుంటా దినామూ బస్సెక్కి బడికొస్తాండావా పాపా?"

అమ్మాయి తలూపింది.

ఆయన మేడం వైపు తిరిగి, "పరీక్ష కాడ మీరుంటారా?" అన్నాడు.

"లోపలికి రానీరు. గేటు బయట ఉంటా."

"అయితే పంపిస్తా. ఒక్క పరీక్షకు. అది రాసినంక మిగతాటివి చూస్తాం."

నేను తర్వాత మేడంతో అన్నాను, ఒక్క పరీక్షకని ఒప్పుకోవడం ఒప్పుకోవడమే కాదని. "ఒక శేరు పోసినాడు గదా సార్," అంది. "లాభం."

మరుసటి రోజు నుంచి ఆమె తరగతిలో కొలత మార్చింది. పావు, అర పోయాయి. ఎన్ని శేర్లు అని అడగడం మొదలుపెట్టింది. మగపిల్లలు పండగ చేసుకున్నారు.

"మేడం, నాది లారీ లోడు!"

"లారీ అయితే బయట పెట్టుకో నాయనా, గది పట్టదు. శేర్లలో చెప్పు."

అన్ని శేర్లు చెప్పినవాళ్ళు అన్నిసార్లు నింపి పోయాలి. పెద్ద అంకె చెప్పినవాడికి పెద్ద పని. దాంతో గొప్పలు పోయాయి, నిజం అంకెలు మిగిలాయి. ఆ అమ్మాయి ఒకరోజు మూడు అనేది, ఒకరోజు ఎనిమిది. సోమవారం తగ్గి గురువారం పెరిగేది. తగ్గుతూ పోవాలని నేను ఆశపడ్డాను. అదే అన్నాను.

"తగ్గాలని ఎవురన్నారు సార్? కదిలితే చాలు."

ఇది అందరికీ పనిచేసిందని రాస్తే అబద్ధమవుతుంది. అదే తరగతిలో ఇంకో పిల్లవాడికి ఏ కొలతా కుదరలేదు. మేడం వాళ్ళింటికి రెండుసార్లు వెళ్ళింది, కర్నూలులో డాక్టరుకు చూపించమని చెప్పింది. వాళ్ళు చూపించలేదు. వాడు పరీక్షలకు ముందే మానేశాడు. ఆ సంగతి వచ్చినప్పుడల్లా ఆమె మాట మార్చకుండా, "ఆ పిల్లోని కాడ నాకు చేతగాల్యా," అనేది.

తెలుగు, హిందీ, ఇంగ్లీషు పరీక్షలకు ఆ అమ్మాయిని వాళ్ళ నాయన ఇంకొకటి, ఇంకొకటి అంటూ పంపాడు. లెక్కల పబ్లిక్ పరీక్ష రోజు ఎండ పొద్దున్నుంచే చురుక్కుమంటోంది. సెంటరు మరో స్కూల్లో పడింది. గేటు ఎదురుగా మూసి ఉన్న అంగడి మెట్ల మీద మేమిద్దరం కూర్చున్నాం. అమ్మాయిని వాళ్ళ నాయన దించాడు. మేడం లేచి ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి "తిన్యావా?" అని మాత్రం అడిగింది. అమ్మాయి తలూపింది. గేటు లోపలికి నడిచి, వరండా మెట్టు దగ్గర నిలబడిపోయింది. వెనక పిల్లలు తోసుకుంటూ పోతున్నారు. పక్కన మేడం ఊపిరి బిగబట్టడం నాకు తెలుస్తోంది. ఆ పిల్ల ఎంతసేపు నిలబడిందో నేను లెక్కపెట్టలేదు. తర్వాత మెట్టెక్కి లోపలికి వెళ్ళింది.

పరీక్ష జరిగినంతసేపూ మేడం గేటు మీద నుంచి చూపు తిప్పలేదు. నేను టీ తెచ్చిస్తే చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చుంది. లోపల నుంచి అటెండరు గేటు దాకా వచ్చినప్పుడల్లా లేచి నిలబడింది. ఆయన రెండుసార్లు బీడీ కాల్చుకోవడానికి, ఒకసారి ఎవరితోనో ఫోన్లో మాట్లాడడానికి వచ్చాడు.

గంట కొట్టారు. పిల్లలు బయటికి వచ్చారు. మా అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళతో వస్తోంది, వచ్చిన జవాబు గురించి గొడవ పడుతూ.

"నాకు మైనస్ రెండొచ్చింది."

"యాడ మైనస్‌మే? రెండే గదా!"

"నువ్వు గుర్తు మార్చినావు సూడు, సావు పో."

నేను లేచాను. ఆ జవాబు ఏమిటో నాకు తెలియాలి. మేడం నా చొక్కా పట్టుకుని లాగింది. "అడగద్దు సార్."

ముగ్గురూ మా ముందు నుంచే పోయారు. ఆ అమ్మాయి మమ్మల్ని చూడలేదు. చేతులు తిప్పుతూ ఏదో చెబుతూనే, అవతల నిలబడిన వాళ్ళ నాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన ఏదో అడిగాడు. సోమవారం సైన్సుందని ఆ పిల్ల గట్టిగా చెప్పడం ఇక్కడికి వినిపించింది. ఆయన బండి స్టార్ట్ చేశాడు. వెళ్ళిపోయారు.

నాకు కొంచెం బాధేసింది. "ఇంతసేపు ఎండలో కూచుంటిమి. ఒక మాట చెప్పి పోవద్దా మేడం?"

ఆమె చీరకంటిన దుమ్ము దులుపుకుంటూ మెట్టు దిగింది.

"మనం గుర్తే రాల్యా సార్ ఆ పిల్లకు. దానికోసమే గదా కూచునింది."